కాయలు కాసిన మోచేతులు

నొప్పి ఎక్కడమ్మా అని అడగలేదు ఆ డాక్టరు. "చొక్కా చేతులు పైకి మడవండి, మోచేతులు చూడాలి" అన్నాడు. నేను తెల్లబోయాను. వెన్నుపూసలు విరిగి, నేలచూపులు చూసుకుంటూ మా పల్లె నుంచి దేగు పట్నంలోని పెద్దాసుపత్రి దాకా వచ్చినదాన్ని, నా మోచేతులతో ఈయనకేం పని అనుకున్నాను. పక్క కుర్చీలో ఉన్న మా ఆయన డుషిక్ గొంతు సవరించుకుని, "నొప్పి నడుములోనండీ, చేతుల్లో కాదు" అని నా తరఫున చెప్పేశాడు. నలభై నాలుగేళ్ళుగా నా నొప్పులన్నీ ఆయనే చెబుతాడు. పడటం మాత్రం నేను పడతాను. చేతులు మడిచాను. రెండు మోచేతులూ నల్లగా బండబారి కాయలు కాసి ఉన్నాయి. డాక్టరు బొటనవేలితో వాటిని నొక్కి చూసి, "అంట్లు తోమేటప్పుడు మోచేతులు సింకు అంచుకి ఆనించి ఒంటి బరువంతా వాటి మీద వేస్తున్నారు. ఎన్నేళ్ళ నుంచి?" అన్నాడు.

ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. నా వంటింటి గడప తొక్కని మనిషి, నేను ఒంటరిగా నిలబడి చేసే పనిని ఎదురుగా నిలబడి చూసినట్టు చెబుతున్నాడు.

"మీకెలా తెలిసింది బాబూ?"

"నడుం వంగిపోయిన అమ్మలందరికీ ఇవి ఉంటాయి. వారానికి పదిమందిని చూస్తాను. నాన్నలకి మాత్రం ఇప్పటిదాకా ఒక్కరికీ చూడలేదు."

మా ఆయన చొక్కా మీద నుంచే తన మోచేతుల్ని ఓసారి తడుముకున్నాడు.

మాది ఉయిసాంగ్ దగ్గర వెల్లుల్లి పండించే పల్లె. నా పేరు జంగ్‌రే, నాకు అరవై ఎనిమిది. ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు నా ఎత్తు నూట యాభై ఆరు సెంటీమీటర్లు, మా అత్తగారు "వెదురు గడలా ఉంది, వంగి పని చేస్తుందా ఇది" అన్నారట. వంగాను. పిరుదులకి స్పాంజి పీట కట్టుకుని గొంతుక్కూర్చుని వెల్లుల్లి రెబ్బలు నాటాను, పీకాను, కట్టలు కట్టాను. పదకొండేళ్ళ కింద కిమ్చీ పచ్చడి పెట్టే రోజుల్లో ఉప్పునీళ్ళ క్యాబేజీ తొట్టి ఎత్తబోతే నడుములో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఎముకలు గుల్లబారాయి, ఒక పూస నలిగిపోయింది అన్నారు. సూదితో ఆ పూసలోకి సిమెంటు ఎక్కించి రెండో రోజు ఇంటికి పంపారు. నొప్పి తగ్గింది గాని నడుం కొంచెం ముందుకు ఒరిగింది. ఆ తరవాత ఆరేళ్ళ కింద రెండో పూస. దానికి తొట్టి కూడా అక్కర్లేకపోయింది, ఒక తుమ్ముకే విరిగింది. దానికీ సిమెంటే ఎక్కించారు. దాంతో పూర్తిగా ముందుకు వంగిపోయాను. మా మనవడు ఎదిగి వదిలేసిన పసిపిల్లల తోపుడుబండి పట్టుకుని ఊళ్ళో తిరిగేదాన్ని. మా ఊళ్ళో నా వయసు ఆడవాళ్ళందరివీ ఇలాంటి బళ్ళే. వృద్ధుల హాలు ముందు అవి వరసగా నిలబడి ఉంటే, కొత్తవాళ్ళు లోపల పసిపిల్లలు ఉన్నారనుకుంటారు.

మొదటిసారి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి సింకు చూపించాడు. ఆ సింకు కింద చెక్క కాళ్ళ బల్ల ఆయన చేతులతో చేసిందే. దాని కాళ్ళు నాలుగూ కోసి పొట్టి చేశాడు. "నీ నడుముకి శ్రమ లేకుండా నీ ఎత్తుకే పెట్టాను చూడు" అన్నాడు. నేను ఏడ్చేశాను, నిజంగా ప్రేమ పొంగి ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే కూడా ఆ ఏడుపుని తప్పు పట్టబుద్ధి కాదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇంకోసారి కోసి ఉంచాడు. ఆ తరవాత బట్టలారేసే తీగ కిందికి దిగింది. స్నానాలగది అద్దం దిగింది. గరిటెల కొయ్య, ఉప్పు జాడీల అర, వీధి తలుపు గొళ్ళెం, అన్నీ దిగాయి. మా ఇల్లు మొత్తం నాతోపాటే కుంగింది. ఊరంతా ఆయన్ని మెచ్చుకున్నారు. "డుషిక్‌లాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి" అని హాల్లో ఆడవాళ్ళు నిట్టూర్చేవారు. నేనూ తల ఊపేదాన్ని. ఎప్పుడైనా జ్వరం వచ్చి, ఈ పూట ఆ గిన్నెలు కాస్త మీరు కడగండి అంటే మాత్రం, "ఆ సింకు నీ ఎత్తుకి కోసిందిగా, నేను అక్కడ వంగితే నా నడుం పోతుంది" అనేవాడు. అదీ నిజమే కదా అని నేను లేచేదాన్ని. జ్వరం కంటే ఆ మాటలోని న్యాయం నాకు పెద్దగా కనబడేది.

ఆ రోజు డాక్టరు నన్ను నిలబెట్టి తల నుంచి కాళ్ళ దాకా పెద్ద ఎక్స్‌రే తీయించాడు. తెర మీద నా వెన్నెముక కొడవలిలా ఉంది. "గోడ కట్టేటప్పుడు మేస్త్రి దారానికి గుండు కట్టి వదులుతాడు చూశారా, అలా మీ మెడ దగ్గర నుంచి గుండు వదిలితే తుంటి ఎముక మీద పడాలి. మీకు పద్నాలుగు సెంటీమీటర్లు ముందు పడుతోంది. అందుకే మీకు నిలబడటమే ఒక పని అయిపోయింది" అన్నాడు. సిమెంటుతో అతుకు వేసే దశ దాటిపోయిందనీ, వెనక నుంచి తెరిచి, నలిగిన పూసని కొంత కోసి, వెన్నుని నిలబెట్టి, కడ్డీలు వేసి స్క్రూలతో బిగించాలనీ, ఎముక మెత్తన కాబట్టి స్క్రూ పట్టుకోవడానికి సిమెంటు పోయాలనీ చెప్పాడు. ఏడు గంటల పని. దానికి ముందు ఆరు నెలలు ఎముక గట్టిపడే సూది రోజూ పొట్టలో పొడుచుకోవాలి. ఆఖరున కలం కింద పెట్టి, "ఒక సంగతి ముందే చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక మీరు నేల మీద గొంతుక్కూర్చోలేరు. నడుం వంచి పని చెయ్యలేరు. ఇది జీవితాంతం" అన్నాడు.

ఆయన దాన్ని నష్టాల లెక్కలో చెప్పాడు. నాకు గుండె దడదడా కొట్టుకుంది, భయంతో కాదు. పదహారేళ్ళప్పుడు సర్కస్ డేరా మా ఊరు వచ్చిందని విన్నప్పుడు అలా కొట్టుకుంది, మళ్ళీ అప్పుడే. మా ఆయన మొహం వాడిపోయింది. "అయితే డాక్టరు గారూ, వచ్చే ఏడు జూన్‌లో వెల్లుల్లి పీకే వేళకి లేచి తిరుగుతుందా?" అని అడిగాడు. డాక్టరు ఆయన వైపు తిరిగి, "తిరుగుతారు. పీకరు" అన్నాడు. నేను నవ్వు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే పంచాయతీ మొదలైంది. మా ఆయన అక్క, మా పెద్ద వదిన, పక్క వీధిలోనే ఉంటుంది. కబురు తెలిసి తోపుడుబండి తోసుకుంటూ వచ్చేసింది. "అరవై ఎనిమిదేళ్ళకి నిటారుగా నిలబడి ఏ పెళ్ళిచూపులకి వెళ్ళాలే మరదలా? నేను వంగలేదూ? మా అమ్మ వంగలేదూ? ఈ ఊళ్ళో వంగకుండా పోయినవాళ్ళు ఎవరున్నారు చెప్పు, వయసులో పోయినవాళ్ళు తప్ప" అంది. "మా నాన్న తద్దినానికి నేల మీద కూర్చుని అట్లు ఎవరు వేస్తారు?" అంది. "నా తమ్ముడు నీకోసం ఇల్లంతా దించి పెట్టాడు, ఇంకేం కావాలి నీకు?" అంది. ప్రతి మాటకీ నాలో ఏదో గెంతులు వేస్తోంది. ఇంత వంగిన ముసలిదానిలో అంత గెంతు ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు. "వదినా, నాకు నీ మొహం కనబడి ఆరేళ్ళయింది. నీ మోకాళ్ళతో మాట్లాడుతున్నాను. ఒక్కసారి మొహం చూసి మాట్లాడాలని ఉంది" అన్నాను. ఆవిడ తన మోకాళ్ళ వంక చూసుకుంది. దేగులో ఉండే మా అమ్మాయి హేరిమ్ ఫోనులో అంతా విని, "అమ్మా, నీకు కావాలా వద్దా, అది చెప్పు చాలు" అంది. కావాలి అన్నాను. నా నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నేనూ అనుకోలేదు.

సూదులు వేసుకున్నాను. అక్టోబరులో నడుముకి పట్టీ కట్టుకుని వెల్లుల్లి కూడా నాటాను. డాక్టరుకి చెప్పలేదు, తిడతాడని. నవంబరు చివర ఆపరేషన్. ఆ ఏడు గంటలు నాకు తెలియవు. తెలిసింది నాలుగో రోజు, ఇద్దరు నర్సులు నన్ను లేపి నిలబెట్టినప్పుడు. నొప్పి నొప్పిగానే ఉంది, లేదనను. కాని ఎదురుగా కిటికీ. కిటికీలో కొండ, కొండ మీద ఆకాశం. మెడ ఎత్తలేదు నేను, వెనక్కి వాలలేదు, ఊరికే నిలబడి చూస్తే ఆకాశం నా కళ్ళ ఎత్తున ఉంది. నర్సు పిల్ల "ఏడుస్తున్నారేంటి అమ్మమ్మా, నొప్పా?" అంటే, "కాదే తల్లీ, నువ్వు ఇంత అందంగా ఉన్నావని నాలుగు రోజుల నుంచి నాకెవరూ చెప్పలేదు" అన్నాను. కొత్త ఎక్స్‌రేలో పద్నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు. గుండు దారం ముందుకు పడేది మూడు సెంటీమీటర్లే. ఎత్తు కొలిచారు. వెళ్ళినప్పుడు నూట నలభై రెండు, ఇప్పుడు నూట యాభై మూడు. ఆ ఎక్స్‌రేని ఫోనులో ఎక్కించుకుని అన్నం తెచ్చే అమ్మాయికి కూడా చూపించాను.

రెండు నెలలు ఆసుపత్రిలోనే నడక అలవాటు చేసుకుని, ఫిబ్రవరి మొదటి వారంలో ఇంటికి వచ్చాను. వీధి తలుపు గొళ్ళెం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, తొడల దగ్గరుంది. లోపలికి వెళ్ళి మా ఇంటిని మొదటిసారి చూశాను. ఫ్రిజ్ మీద అంగుళం దుమ్ము. గోడ గడియారం పక్కన మా పెళ్ళి ఫోటో, అందులో నేను మా ఆయన చెవిదాకా ఉన్నాను. మా ఆయన నెత్తిన అరచేతి మేర జుట్టు ఊడిపోయింది. "ఎప్పుడు ఊడింది?" అంటే, "చాలా ఏళ్ళయింది, నువ్వు చూడలేదా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. బట్టతల వచ్చిన మొగుడితో ఆరేళ్ళు కాపురం చేసి, ఆ సంగతే తెలియలేదు. ఆయన కూడా నవ్వాడు. నవ్వినప్పుడు ఇప్పటికీ బాగుంటాడు. అదీ చూడక చాలా కాలమైంది.

అప్పుడు వంటింట్లోకి వెళ్ళాను. మా వంటిల్లు మిగతా ఇంటికంటే ఒక మెట్టు కిందికి ఉంటుంది, గచ్చు చల్లన, అందుకని గడప దగ్గర రబ్బరు చెప్పులు ఉంటాయి. ఒకే జత, నా పాదాలవి. తొడుక్కుని దిగాను. సింకు నిండా గిన్నెలు. సోయా పులుసు గిన్నెలు, వదిన పంపిన కూరల డబ్బాలు, అడుగంటిన అన్నం కుక్కరు. వెనక నుంచి మా ఆయన, "నీకు తేలిగ్గా పోతాయని నానబెట్టి ఉంచాను" అన్నాడు. ఎంత మురిపెంగా అన్నాడో! సింకు నా తొడల సగం ఎత్తుకే వచ్చింది. నడుం వంగదు. మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు బారజాపి, భుజాలు ముందుకు లాక్కుని ఒక్కొక్క గిన్నే తీశాను. పీట వేసుకుని కూర్చుంటే మోకాళ్ళు చెక్కకి తగిలాయి. గిన్నెలు బల్ల మీదికి మోసుకుని తోముదామంటే బరువు ఎత్తకూడదు. "అలవాటైన పనేగా, రెండు రోజుల్లో నీకే కుదురుతుంది" అన్నాడాయన, టీవీ ముందు కూర్చుంటూ.

పగలంతా మాత్రం నాకు పండగే. తోపుడుబండి లేకుండా, ఒక చేతి కర్రతో వృద్ధుల హాలుకి నడిచి వెళ్ళాను. లోపల ఆడవాళ్ళు పువ్వుల పేకాట ఆడుతున్నారు. ముందు ఎవరూ పోల్చుకోలేదు.

"ఎవరే ఈ పొడుగావిడ? సర్వేకి వచ్చిందా?"

"నేనే, జంగ్‌రేని."

"అబ్బో, జంగ్‌రే అక్కని ఇస్త్రీ చేసి పంపారే" అంది కిటికీ దగ్గరావిడ. అందరూ పేక కింద పడేసి నవ్వారు. తరవాత ఒక్కొక్కరూ నా వీపు తడిమి చూశారు. ఇక్కడేనా స్క్రూలు, చలికి కొరుకుతాయా, విమానం ఎక్కితే మోగుతావా అని అడిగారు. మూలన కూర్చున్న ఎనభై ఏళ్ళావిడ నా మొహాన్ని రెండు చేతులా పట్టుకుని, "కొత్త కోడలివై వచ్చిన రోజు చూశానే ఈ మొహం" అంది. ఆ పూట నేను గాలిలో నడిచి ఇంటికి వచ్చాను. వస్తూ ఆపిల్ తోటలో ఆగి, నా తలకంటే ఎత్తున ఉన్న కొమ్మని ఊరికే ఒకసారి పట్టుకుని వదిలాను.

ఇలా రెండు వారాలు. పగలు ఆకాశం, మూడు పూటలా సింకు. మూడో వారంలో ఒక ఉదయం గిన్నె కడుగుతుంటే, రెండు భుజాల మధ్య, స్క్రూలు ఆగిపోయే చోట, పొడిచినట్టు నొప్పి వచ్చింది. నాకా నొప్పి తెలుసు. మొదటిసారి తొట్టి దగ్గర వచ్చిన నొప్పికి తోబుట్టువు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మళ్ళీ విరిగిందా, మళ్ళీ నేలేనా అనుకున్నాను. ఆపరేషన్‌కి ముందు పడని భయం ఆ క్షణంలో పడ్డాను, ఎందుకంటే ఇప్పుడు పోగొట్టుకోవడానికి నా దగ్గర ఆకాశం ఉంది. హేరిమ్‌కి ఫోన్ చేశాను. సెలవు పెట్టి వచ్చి కారులో తీసుకెళ్ళింది.

డాక్టరు కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి చూశాడు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. "విరగలేదు" అన్నాడు. హేరిమ్ నా చెయ్యి నొక్కింది. "కాని పై స్క్రూ పైన ఉన్న ఎముక మీద భారం పడుతోంది. కింద అంతా బిగించేశాం కదమ్మా, వంగినప్పుడల్లా ఆ ఒక్క పూస మొత్తం మోస్తుంది. ఇలాంటి ఆపరేషన్ తరవాత చాలామందికి విరిగేది అక్కడే. అది విరిగితే మళ్ళీ వంగిపోతారు, మళ్ళీ ఇంకా పైదాకా కొయ్యాలి. రోజూ ఏం చేస్తున్నారు?"

నేను చెప్పకముందే హేరిమ్ చెప్పింది. "సింకండీ. మా నాన్న దాన్ని కోసి కోసి దించాడు."

"ఎంత ఎత్తు?"

"అరవై ఏడు" అన్నాను. ఇంటి నుంచి బయల్దేరేముందు టేపుతో కొలుచుకున్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మనిషి ఎత్తులో సగం, దాని మీద ఐదు సెంటీమీటర్లు. సింకు ఎత్తు అది. నిలబడే మనిషి ఎవరో వాళ్ళ ఎత్తు చూసి కట్టాలి. నిటారుగా నిలబడి కడగాలి, లేదా కడగకూడదు. మూడో దారి లేదు మీకు." చీటీ మీద మందులతోపాటు ఆ లెక్క కూడా రాసిచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆ చీటీని ఎన్నిసార్లు విప్పి చదివానో. నిలబడే మనిషి ఎవరో, వాళ్ళ ఎత్తు. కారు కిటికీలో నుంచి మంచు కరిగిన పొలాలు పోతున్నాయి, వెల్లుల్లి మొలకలు పచ్చగా లేచాయి, నాకేమో ఒక ఆలోచన మొలిచి లోపల కితకితలు పెడుతోంది. హేరిమ్‌కి కూడా చెప్పలేదు.

మా ఆయన మొదట గొణిగాడు. "ఇన్నాళ్ళు సరిపోయిన సింకు ఇప్పుడు పనికిరాకుండా పోయిందా? పంపింది ఒక మనిషిని, వచ్చింది ఇంకో మనిషి" అన్నాడు. హేరిమ్ ఎముక సంగతి చెప్పేసరికి తగ్గాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను మళ్ళీ వంగిపోవాలని ఆయన కోరుకోడు. నేను నిలబడాలి, నిలబడి గిన్నెలు కడగాలి, అంతే ఆయన కోరిక. "సరే, బాంగ్ మేస్త్రిని పిలుస్తాను. నీ కొత్త ఎత్తుకి పెట్టిస్తాను" అని ఉదారంగా అన్నాడు.

మర్నాడు బాంగ్ వచ్చేలోగా అలమారు మీద దుమ్ము దులుపుదామని చూస్తే, పైన, నాకు ఆరేళ్ళుగా కనబడని చోట, పాత పేపరులో చుట్టి ఏవో చెక్క ముక్కలు ఉన్నాయి. విప్పాను. ఎనిమిది ముక్కలు. సింకు కాళ్ళ నుంచి కోసినవి. మా ఆయన దేన్నీ పారెయ్యడు, ప్రతిదాని మీదా పెన్సిలుతో తేదీ రాస్తాడు, విత్తనాల సంచుల మీద రాసినట్టే. నాలుగు ముక్కలు ఆరేసి సెంటీమీటర్లు, నాలుగు ఏడేసి. ఏడు సెంటీమీటర్ల వాటి మీద ఉన్న తేదీ నాకు తెలిసిన తేదీయే. ఆ రోజు నేను రెండోసారి ఆసుపత్రిలో బోర్లా పడుకుని ఉన్నాను, వీపులోకి సిమెంటు ఎక్కుతోంది. నేను లేస్తానో లేవనో డాక్టర్లే ఇంకా చెప్పని రోజున, ఇక్కడ ఈయన రంపం తీసుకుని నా ఎత్తు ఊహించుకుని కోస్తున్నాడు, నేను రాగానే పనికి ఆలస్యం కాకుండా. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాను, పదమూడు సెంటీమీటర్లు. కోపం వస్తుందేమో అని ఎదురుచూశాను. వచ్చింది, కాని నేను అనుకున్న కోపం కాదది. చేతులు దులుపుకుని పనిలోకి దిగేముందు వచ్చే హుషారులాంటిది.

బాంగ్ మేస్త్రి పదింటికి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, చెవి మీద పెన్సిలు. ముక్కలు చూపిస్తే, "ఇవి అతికితే నిలవవు పెద్దమ్మా, నీళ్ళ బరువు కదా. కొత్త బల్ల చేస్తాను" అన్నాడు. మా ఆయన గడప మీద నిలబడి పర్యవేక్షిస్తున్నాడు. బాంగ్ టేపు లాగి, "ఎత్తులో సగం, పైన ఐదు. రండి పెద్దమ్మా, గోడకి ఆనుకుని నిలబడండి" అన్నాడు.

నిలబడ్డాను. మడమలు, పిరుదులు, భుజాలు, తల, నాలుగూ గోడకి తగిలాయి. ఈ మధ్య నాకు దీనికంటే ఇష్టమైన పని లేదు. బాంగ్ నా నెత్తి మీద పెన్సిలుతో గీత గీశాడు. "నూట యాభై మూడు. అంటే సింకు ఎనభై ఒకటిన్నర."

"ఆ గీత చెరపకు నాయనా, అలాగే ఉండనీ" అన్నాను. "అది నా కోసం. సింకుకి ఆయన్ని కొలువు."

బాంగ్ టేపు పట్టుకుని ఆగిపోయాడు. మా ఆయన వెనక ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాడు. "నన్నెందుకు?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఎంత బాగుంది అలా తిన్నగా చూడటం. లోపల సర్కస్ డేరా మొత్తం మోగుతోంది. "పదకొండేళ్ళ నుంచి చెబుతున్నారుగా, ఆ సింకు దగ్గర వంగితే మీ నడుం పోతుందని. పోతే ఎంత కష్టమో నాకు తెలుసు. మీ నడుముకి శ్రమ లేకుండా, మీ ఎత్తుకే పెట్టిస్తున్నాను."

ఆ మాట ఎవరిదో ఆయనకి గుర్తొచ్చింది, మొహం చూస్తే తెలిసింది. నా చేతుల్లో ఉన్న చెక్క ముక్కల వంక, వాటి మీది పెన్సిలు తేదీల వంక చూశాడు. గోడ మీది గీతని చూశాడు. మెట్టు దిగి వంటింట్లోకి వచ్చి, చలికి ఒకసారి కాలివేళ్ళు ముడుచుకుని, నా గీత పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బడిలో కొలుస్తున్నట్టు గడ్డం పైకెత్తాడు కూడా. బాంగ్ నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంటూ టేపు పెట్టాడు.

"నూట అరవై తొమ్మిది. సగం వేసి ఐదు కలిపితే ఎనభై తొమ్మిదిన్నర."

నేను మోచేతుల మీది కాయల్ని తడుముకున్నాను. అంచుల్లో పొట్టు లేచి మెత్తబడుతున్నాయి.

"తొంభైకి పెట్టు బాంగ్" అన్నాను. "గచ్చు చల్లన, ఆయన చెప్పులు వేసుకుని నిలబడతారు."